మామ చేతికి కారు తాళాలు ఇవ్వొచ్చా?

గత నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెద్ద రగడ జరిగింది. బెంగళూరులో పెళ్ళి. తిరుపతి నుంచి మేం అయిదుగురం పోవాలి. మా మేనమామ తన కారు తీస్తానన్నాడు. ఆయనకు అరవై తొమ్మిది. అంతే, పిల్లలందరూ ఒక్కసారిగా లేచారు. ఈ వయసులో తాతకు హైవే మీద స్టీరింగ్ ఇస్తారా, రేపు ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు, అని. మామ ఒక్క మాట కూడా రాయలేదు. చివరికి మా అన్న కొడుకు నడిపేటట్టు తేల్చారు. వాడికి ఇరవై నాలుగు. చూపు బాగుంటుంది, చేతులు చురుగ్గా ఉంటాయి, కారంటే ప్రాణం. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

నాకు ఉండింది. ఆ అబ్బాయి చెన్నైలో పనిచేస్తాడు. శుక్రవారం రాత్రి ఆఫీసు ముగించుకుని బస్సెక్కి అర్ధరాత్రి దాటాక తిరుపతిలో దిగాలి. శనివారం మమ్మల్ని బెంగళూరు చేర్చాలి. సాయంత్రం రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం, ఆదివారం రాత్రికి తిరుగుప్రయాణం, సోమవారం పొద్దున మళ్ళీ చెన్నైలో డ్యూటీ. ఈ వరసంతా గ్రూపులోనే ఉంది, అందరూ చదివారు. తాత వయసు మీద యాభై మెసేజీలు వచ్చాయి గానీ, మనవడికి ఈ మూడు రోజుల్లో నిద్ర ఎప్పుడని ఒక్కరూ అడగలేదు.

అప్పటినుంచి ఈ సంగతే నన్ను పట్టుకుంది. దూరప్రయాణంలో ప్రమాదం నడిపేవాడి వయసులో కొంత ఉందేమో గానీ, మనం వేసుకునే టైమ్‌టేబుల్లో అంతకంటే చాలా ఎక్కువ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. వయసు కంటికి కనబడుతుంది కాబట్టి దానిమీద పడతాం. టైమ్‌టేబుల్ మనమే రాసుకున్నాం కాబట్టి దాని జోలికి పోము.

వయసు లెక్క అంత తేలిక కాదు

వయసు అసలు లెక్కలోకే రాదని నేను అనను. వస్తుంది. అరవై ఏళ్ళ కంట్లో రెటీనా దాకా చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. ఎదురుగా లారీ హైబీమ్ కొట్టిందంటే కుర్రవాడి చూపు వెంటనే తేరుకుంటుంది, పెద్దాయన చూపు తేరుకోవడానికి ఇంకొంచెం టైము పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది కదా, ఆ ఇంకొంచెం టైములో ఎంత దూరం గుడ్డిగా పోతామో లెక్కేసుకోవచ్చు. దీనికి తోడు మెడ పట్టేసినవాళ్ళు, బండ్లు తిరగడానికి డివైడర్ మధ్యలో వదిలే గ్యాప్ దగ్గర పూర్తిగా వెనక్కి తిరిగి చూడలేరు. షుగర్ మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే చేతులు వణుకుతాయి. ఇవన్నీ నిజాలే.

కానీ చట్టం చూడండి. యాభై అయిదు దాటినవాళ్ళకు లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యువల్. నలభై దాటితే డాక్టరు సంతకం పెట్టిన ఫారం 1-ఏ కావాలి. అందులో చూపు గురించి అడిగే ప్రధానమైన ప్రశ్న ఏమిటంటే, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలడా అని. రేచీకటి ఉందా అని కూడా ఒక ప్రశ్న ఉంటుంది, నిజమే. కానీ ఎదురు లైటు పడ్డాక చూపు తేరుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆ కాగితంలో ఎక్కడా తేలదు. పగలు బాగా నడపగలిగి రాత్రి నడపకూడని మనిషిని ఆ ఫారం గుర్తుపట్టలేదు. రాత్రి నిద్ర లేని ఇరవై నాలుగేళ్ళ కుర్రాణ్ణి అసలే గుర్తుపట్టలేదు.

మా మామ మాత్రం తన్ను తాను గుర్తుపట్టుకున్న మనిషి. శుక్లాల ఆపరేషన్ అయిన తర్వాత కూడా "పొద్దు మునిగినాక నేను బండి ముట్టను పాపా" అంటాడు. తెల్లారి వెలుతురు బాగా వచ్చాకే బయల్దేరతాడు. దారిలో రెండుసార్లు ఆగుతాడు, కారు దిగి అటూ ఇటూ నడుస్తాడు. ఆయన పక్కన కూర్చుంటే ప్రయాణం నత్తనడకలా ఉంటుందని పిల్లల ఫిర్యాదు.

అందరు పెద్దవాళ్ళూ ఇలా ఉంటారని చెప్పలేను. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. రెండేళ్ళుగా ఆయన కొడుకు సాయంత్రాలు కారు తీయొద్దని బతిమాలుతున్నాడు. "నలభై ఏళ్ళుగా నడుపుతా ఉండా, నువ్వా నాకు చెప్పేది" అంటారు ఆయన. చంద్రగిరి దాటాక మసక వెలుతురులో ఒకసారి డివైడర్ అంచుకు రాసుకుని టైరు చీలింది. ఆ రోజునుంచి ఆయన కొడుకుకి ఏం సలహా చెప్పాలో నాకు తోచడం లేదు. తాళాలు దాచేయడం ఒక పద్ధతి. కానీ దాచేస్తే పగటిపూట మార్కెట్‌కూ ఆసుపత్రికీ పోయే స్వతంత్రం కూడా పోతుంది, ఆ మనిషి ఇంట్లో ముడుచుకుపోతాడు. గడప దాటాలన్నా ఇంకొకరిని అడుక్కోవాలంటే ఆయన తట్టుకోలేరు.

ఇక అంకెలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. వాళ్ళలో 66.5 శాతం 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళు. ఇది చూపించి "అదిగో, కుర్రవాళ్ళే ప్రమాదం" అనేస్తే నా వాదానికి సుఖంగా ఉంటుంది. కానీ అది న్యాయం కాదు. రోడ్డు మీద ఎక్కువగా తిరిగేది, బైకుల మీద పనులకు పోయేది ఆ వయసువాళ్ళే. పైగా అది చనిపోయినవాళ్ళ లెక్క, నడిపినవాళ్ళ లెక్క కాదు. ఆ నివేదికలో నన్ను ఆపిన అంకె ఇంకొకటి. ప్రమాదాల్లో సుమారు 67 శాతం తిన్నని రోడ్డు మీద జరిగాయి. మలుపు దగ్గర అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. తిన్నని రోడ్డే మనసును జారవిడుస్తుంది.

ఆదివారం రాత్రి

పెళ్ళయింది. భోజనాలు, ఫోటోలు, అప్పగింతలు అన్నీ సాగి సాగి రాత్రి పదికి బెంగళూరు వదిలాం. కోలారు దాటేదాకా మాటలు నడిచాయి. ముళబాగిలు దాటాక వెనక సీట్లోవాళ్ళు నిద్రపోయారు. నేను ముందు సీట్లో ఉన్నాను. మా వాడు మొదట పాటల సౌండు పెంచాడు. కాసేపటికి ఏసీ ఇంకా చల్లగా పెట్టాడు. తర్వాత అద్దం దించాడు. పలమనేరు వైపు రాత్రిపూట గాలి చల్లగా కొడుతుంది. ఒకచోట కారు మెల్లగా ఎడమకు జరిగి, అంచు తెల్లగీత మీది గరుకు టైర్ల కింద దడదడమంది. వాడు ఒక్క కుదుపుతో సరిచేశాడు.

"నిద్ర వస్తోందా నాయనా?" అన్నాను.

"లేదత్తా, వెనక లారీకి సైడిచ్చినా."

వెనక లారీ లేదు. అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. కునుకు పట్టినవాడికి పట్టిన సంగతి తెలియదు. మూడు సెకన్లు రెప్ప పడితే కారు అరవై మీటర్లకు పైగా తనంతట తానే పోతుంది, తేరుకున్నాక మెదడు ఆ ఖాళీని ఏదో ఒక కారణంతో పూడ్చుకుంటుంది.

పలమనేరుకు ముందే ఒక పెట్రోలు బంకులో బండి పెట్టించాను. దాని తర్వాత మొగిలి ఘాట్ ఉంది. పీఠభూమి అంచు నుంచి చిత్తూరు వైపుకు దిగే ఆ దారిలో బరువు లారీలు బ్రేకు మీద బ్రేకు కొట్టుకుంటూ దిగుతుంటాయి. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సూ లారీలూ గుద్దుకుని ఎంతమంది పోయారో మా జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. మామ లేచి సంగతి తెలుసుకుని "నేను తీస్తాలే పాపా" అన్నాడు. ఆయనకూ వద్దన్నాను. పగలంతా ఆయన వైపు వాదించిన నేనే ఆ రాత్రి ఆయనకు తాళాలు ఇవ్వలేదు. ఆయన పెట్టుకున్న నియమమే ఆయనకు గుర్తుచేశాను, ఆయన తల ఊపి పడుకున్నాడు. మా వాడు సీటు వెనక్కి వాల్చిన నిమిషంలో గురక పెట్టాడు. తెల్లారాక బయల్దేరాం. వాడికి ఒక పూట సెలవు పోయింది. మా వదిన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పదిహేడు గంటలు ఏకబిగిన మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. మన దేశంలో తాగి నడపడం నేరమయ్యే హద్దు 0.03. అంటే తెల్లవారుజామున ముహూర్తానికి లేచి రాత్రి పదికి స్టీరింగ్ పట్టినవాడు, చుక్క ముట్టకపోయినా, ఆ హద్దు దాటిన మనిషి లెక్కే. తాగినవాడికి తాళాలివ్వని మనం వీడికి మాత్రం సంతోషంగా ఇస్తాం. పైగా "మావాడు రాత్రంతా ఏకబిగిన నడిపేశాడు" అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాం.

రాత్రి రెండు నుంచి అయిదు మధ్య ఒంట్లోని గడియారమే మనిషిని కిందికి లాగుతుంది. ఆ వేళల్లో పోలీసులు హైవేల మీద బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతుంటారు. మంచి ఉద్దేశమే, ఆ ఆగడంలోనే కొంత మేలు ఉంది. కానీ నీళ్ళ చల్లదనం కాసేపే. నిద్రకు మందు నిద్రే. ఒక కాఫీ తాగి, వెంటనే పదిహేను, ఇరవై నిమిషాలు కళ్ళు మూస్తే, లేచేసరికి కాఫీ కూడా పని మొదలుపెడుతుంది. దాంతో కొంతదూరం నెట్టుకురావచ్చు. ఒక రాత్రి నిద్ర బాకీ మాత్రం దాంతో తీరదు.

బండిలో పడుకునే మనిషి

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇంకో దృశ్యం అలవాటైపోయింది. అలిపిరి వైపు, బస్టాండు చుట్టుపక్కల, సత్రాల సందుల్లో టెంపో ట్రావెలర్లు, ఇన్నోవాలు వరసగా నిలబడి ఉంటాయి. తలుపులు తెరిచి, కాళ్ళు బయటకు వేలాడేసుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని డ్రైవర్లు పడుకుని ఉంటారు. ఏప్రిల్, మే ఎండలో ఆ రేకు కింద ఎవరికి నిద్రపడుతుంది? వాళ్ళు తెచ్చిన కుటుంబం సత్రంలో ఫ్యాను కిందో కొండమీదో ఉంటుంది.

వేసవి సెలవుల్లో హైదరాబాదు నుంచి మా పిన్నమ్మ వాళ్ళు బండి మాట్లాడుకుని వచ్చారు. సాయంత్రం అక్కడ బయల్దేరి రాత్రంతా నడిపించుకుని పొద్దున్నే మా ఇంటి ముందు దిగారు. స్నానాలు, టిఫిన్లు అయ్యాయి. డ్రైవరు మహబూబ్‌నగర్ వైపు మనిషి, నలభై అయిదుంటాయి. లోపలికి రమ్మంటే "బండ్లనే పండుకుంటా మేడం, అలవాటే" అన్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఈ ఎండకు బండిలో ఏం నిద్రపడతాది నాయనా" అని హాల్లో చాప వేసి ఫ్యాను పెట్టింది. పడుకున్న మనిషి మధ్యాహ్నం మూడు దాకా లేవలేదు, అమ్మ ఎవరినీ లేపనివ్వలేదు.

మావాళ్ళకు కోపం వచ్చింది. ఆ రోజు ప్లాను ఏమిటంటే, తిరుచానూరు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, కాణిపాకం, రాత్రికి తిరుగుప్రయాణం. శ్రీకాళహస్తి మాకు తూర్పున, కాణిపాకం పడమటి వైపున. ఒకే పగట్లో రెండూ చుట్టి, రాత్రి అయిదు వందల కిలోమీటర్లకు పైగా వెనక్కి. నడిపేది ఒకే మనిషి. అతను అడ్డం చెప్పాడా అని అడిగాను. "డబ్బులిస్తున్నాం కదా, అతని డ్యూటీ అది" అన్నాడు మా బాబాయి. ఆయన మంచి మనిషి. ఇంట్లో పనిమనిషికి కూడా ముందు అన్నం పెట్టించాకే తను తింటాడు. ఆయనకే ఇది తోచలేదంటే మిగతావాళ్ళ సంగతి ఏం చెప్పను.

డ్యూటీ లెక్క 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో ఉండేది. సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48, ఏకబిగిన అయిదు గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా అరవై ఏళ్ళకు పైగా నడిచిన చట్టం. అదైనా అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటే వర్తించేది. ఒక్క బండి, ఒక్క డ్రైవరు ఉన్న ఓనరు దగ్గర ఈ లెక్క చూసేదెవరు? దీనికితోడు అద్దె లెక్క చాలాచోట్ల అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి ఒక రోజు. రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస చార్జీ, పైన డ్రైవరు బేటా, అంటే అతని రోజు భత్యం. అందుకే అర్ధరాత్రి దాటాక బయల్దేరడం, అర్ధరాత్రికి ముందే ఇల్లు చేరడం తెలివైన పద్ధతిగా అందరం నేర్చుకున్నాం. మిగిలే ఆ ఒక్క రోజు డబ్బు డ్రైవరు నిద్రలోంచి వస్తోంది.

మా వైపు దారులు కూడా ఈ అలసటను క్షమించవు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. రాత్రివేళ. ఆ ఘాట్ ఎక్కడుందో చూడండి, తిరుపతికి ఇంకా కొంచెం దూరమే ఉందనగా. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు మొగిలి కూడా సగానికి పైగా దారి అయ్యాకే. ఒళ్ళు బాగా అలిసి, "ఇంకేముంది, వచ్చేశాం" అనిపించే చోటే ఘాట్ వస్తుంది. తమిళుల పెరటాసి నెలలో కొండకు నడిచివచ్చే భక్తులు రాత్రుళ్ళు రోడ్డు అంచున గుంపులుగా ఉంటారు. మామిడి కాలంలో దామలచెరువు చుట్టుపక్కల వెనక లైటు లేని ట్రాక్టర్లు. వీళ్ళను ముందుగా పసిగట్టడానికి మెలకువ కావాలి. నడిపేవాడికి ఇరవై నాలుగా అరవై తొమ్మిదా అన్నది ఆ తర్వాతి మాట.

కొండమీద మాత్రం ఎలా పాటిస్తున్నాం?

మనవాళ్ళు నియమాలకు లొంగరని అంటారు. నేను నమ్మను. తిరుమల ఘాట్ రోడ్డు చూడండి. ఎక్కడానికొక దారి, దిగడానికొక దారి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం. కింద టైము వేస్తారు, పైన చూస్తారు. ముందే వచ్చేసినవాడికి జరిమానా. అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు దారే మూసేస్తారు. వీఐపీ అయినా, కుర్రవాడైనా, ముసలాయనైనా ఒకటే లెక్క.

ఇక్కడ వయసును ఎవరూ అడగరు. తొందరగా పోయినా లాభం లేకుండా చేశారు, అంతే. లాభం లేనప్పుడు తొందర దానంతట అదే పోయింది. అదే బండి, అదే డ్రైవరు అలిపిరి గేటు దాటి హైవే ఎక్కగానే పరుగు మొదలు. కింద తొందరకు లాభం ఉంది. ఒక రోజు అద్దె మిగులుతుంది, ఒక పూట సెలవు మిగులుతుంది, దర్శనం స్లాట్ దొరుకుతుంది.

ప్రతి హైవేనూ రాత్రి మూసేయమని అనడం లేదు. కూరగాయలు, పాలు, అంబులెన్సులు పోవాలి. టమాటా లారీ పగలు ఎండలో పోతే సరుకు మెత్తబడుతుంది. మొగిలి ప్రమాదం మధ్యాహ్నం పూట జరిగిందే, పగలైతే చాలు క్షేమమని ఎవరూ చెప్పలేరు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో కాలే సిమెంటు రోడ్డు మీద గాలి తక్కువున్న టైరు పేలితే ఎంత మెలకువ ఉన్నా కష్టమే. కానీ గుడికీ పెళ్ళికీ పోయే ప్రయాణం లారీ సరుకు కాదు. అది ఎప్పుడు బయల్దేరాలో మన చేతిలో ఉంది.

నా స్నేహితురాలు ఒకామె ఈ వాదాన్ని ఒక్క మాటతో ఆపేసింది. "నీకు రూముకు డబ్బులున్నాయి, మాట్లాడతావు. ఆదివారం ఒక్కటే సెలవున్న కూలోళ్ళు ఊరంతా చందాలేసుకుని బండి కట్టుకుని వస్తారు, వాళ్ళకు ఇంకో రాత్రి ఎక్కణ్ణుంచి వస్తాది?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సెలవు దొరకని మనిషికి నిద్రపొమ్మని చెప్పడం సులభం. వాళ్ళ విషయంలో నేను అడగగలిగింది ఇద్దరు డ్రైవర్లను పెట్టుకోమని, లేదా చుట్టే గుళ్ళలో ఒకటి తగ్గించుకోమని. అది కూడా వాళ్ళకు భారమేనని తెలుసు. కానీ మా బాబాయిలాంటివాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. రూములు బుక్ చేసుకునేవాళ్ళు, వారం సెలవు పెట్టగలిగినవాళ్ళు, డ్రైవరుకు ఒక మంచం బుక్ చేయకపోవడానికి పేదరికం కారణం కాదు.

మొన్న ఇక్కడి ట్రావెల్స్ ఓనరు ఒకాయన్ను నేరుగా అడిగాను. రాత్రి పది నుంచి పొద్దున అయిదు దాకా బండి కదలదని, డ్రైవరుకు పడుకోవడానికి గది మేమే ఇస్తామని బుకింగ్‌లోనే రాసుకుంటే ఒప్పుకుంటారా అని. ఆయన ఆశ్చర్యపోయాడు. "నాకేం నష్టం మేడం, బండీ మిగులుతాది, మనిషీ మిగులుతాడు. ఇన్నేండ్లలో అట్లా అడిగిన పార్టీ ఒక్కటీ లేదు" అన్నాడు. అదనంగా ఎంతవుతుందో కాగితం మీద వేసి చూపించమన్నాను. ఒక రోజు కనీస అద్దె, ఒక బేటా, ఒక మంచం. పన్నెండు మంది పోయే బండిలో తలా ఎంత పడుతుందో భాగించి చూస్తే, దారిలో హోటళ్ళలో రెండు పూటల భోజనాలకు మనం పెట్టేదానికి కాస్త అటూ ఇటూ. ఈసారి ఎవరైనా బండి మాట్లాడుకునేటప్పుడు ఆ రెండు షరతులూ అడిగి చూడండి. ఎక్కడ ఒప్పుకున్నారో, ఎక్కడ కాదన్నారో, కాదంటే ఏం కారణం చెప్పారో కింద రాయండి. ఊరివారీగా ఒకచోట చేర్చి పెడతాను.